చక్రాల టీచరు జత

ఆ బడిలో నాలుగో తరగతి గదిలో చేతులున్న మంచి కుర్చీ ఒకటి ఉండేది. దాని మీద మనిషి కూర్చోగా పిల్లలెవరూ చూడలేదు. వానొస్తే గొడుగులు, ఎండొస్తే టోపీలు, మిగతా రోజుల్లో సుద్దముక్కల డబ్బా దాని మీద దర్జాగా కూర్చునేవి. కూర్చోవాల్సిన మనిషి మాత్రం బల్లల మధ్య తిరుగుతూనే ఉండేది. ఆవిడ కాళ్ళకి చక్రాలున్నాయని ఎవడో పిల్లవాడు అన్నాడు. అంతే, ఆవిడ చక్రాల టీచరైపోయింది. అసలు పేరు హాజరుపట్టీ మొదటి పేజీలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

ఇంట్లోనూ అదే వరస. భర్త కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పని చేస్తాడు, రోజంతా ఒక్కచోట కూర్చునే మనిషి. "మా ఇద్దరికీ రాసిపెట్టిన నడకంతా ఈవిడొక్కతే నడిచేస్తోంది, నాకేం మిగల్చట్లేదు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేవాడు. ఆవిడ అన్నం నిలబడి తినేది, ఫోను నడుస్తూ మాట్లాడేది. కూర్చోబెట్టి ఏదైనా చెబుదామనుకున్నవాళ్ళు ఆవిడ వెనకాల గది చుట్టూ తిరగాల్సిందే.

కానీ ఆవిడ నడకకి ఒక పనుంది. ఆవిడ తరగతిలో ప్రతి పిల్లకీ ఒక జత. పక్కపక్కన కూర్చోవడానికి కాదు, ఆటకీ కాదు. పొద్దున గంట కొట్టేలోపు ఒకరు రాకపోతే రెండోవాళ్ళు వాళ్ళింటికెళ్ళి చూసి రావాలి. ఒంట్లో బాగుంటే వెంటబెట్టుకుని రావాలి. బాగాలేకపోతే నుదుటి మీద చెయ్యిపెట్టి చూసి వచ్చి చెప్పాలి. జ్వరమని ఎవరో చెప్పారంటే ఒప్పుకునేది కాదు. "చూశావా, విన్నావా?" అని అడిగేది. విన్నానంటే మళ్ళీ పంపేది. పిల్లలందరి ఇళ్ళూ బడి చుట్టూ ఉన్న సందుల్లోనే కాబట్టి ఈ పద్ధతి సాగింది. ఊరెళ్ళాడని అందరూ చెప్పిన పిల్లవాడొకడు పక్కవీధి టీకొట్లో గ్లాసులు కడుగుతూ కనపడ్డ నాటి నుంచి ఆవిడకి విన్నమాట మీద నమ్మకం పోయింది. మిగతా టీచర్లు ఇదంతా పనిలేని మంగలి పనిలా చూసేవాళ్ళు. చూస్తే చూశారు గానీ, ఆ బడి మొత్తంలో హాజరు నిండుగా ఉండేది ఆ ఒక్క గదిలోనే.

ఆ ఏడాది మధ్యలో ఒక పిల్ల వచ్చి చేరింది. తల్లి లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. అంతకుముందు ఊరూరూ తిరిగారు, ఏ ఊళ్ళోనూ చదువు కుదురుగా సాగలేదు. వయసుని బట్టి నాలుగో తరగతిలో వేశారు గానీ అక్షరాలు సగమే వచ్చు. ఆ పిల్ల ఏం చేసినా నెమ్మదే. పెన్సిలు చెక్కితే చెక్కుతూనే ఉంటుంది. పలక తుడిస్తే మూలలు కూడా వదలదు. పిల్లలు తెల్లారేసరికి "నిదానం" అని పేరు పెట్టేశారు. అప్పటికే అందరికీ జతలు కుదిరిపోయాయి, నిదానం ఒక్కతే మిగిలింది.

"మరి దీనికెవరు టీచర్ జత?" అని అడిగింది లాయరమ్మ. లాయరమ్మంటే ముందు బల్ల మీది పిల్ల. ప్రతిదానికీ అడ్డుప్రశ్న వేస్తుందని ఆ పేరు.

"నేను" అంది చక్రాల టీచరు.

తరగతంతా గొల్లుమంది. గాలిపటానికీ గుండ్రాయికీ జత కుదిరినట్టుందని వెనకబల్ల వాడొకడు అన్నాడు. నిదానం మాత్రం నవ్వలేదు. టీచరు వంక అలా చూస్తూ, చాలాసేపటికి తల ఊపింది. ఆ తర్వాత ఎప్పుడైనా ఆ పిల్ల రాకపోతే టీచరే ఆ సందు చివరిదాకా వెళ్ళేది. సాయంత్రాలు బడి వదిలాక మెట్ల మీద ఆ పిల్లచేత కథల పుస్తకం చదివించేది. నిదానం వేలుపెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కునేది. ఒక్క వాక్యం పూర్తయ్యేసరికి టీచరు ఆవరణ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి వచ్చేది. "మిగతాది రేపు చేద్దాం" అని పుస్తకం మూసేది. మర్నాడు నిదానం ఆపిన చోటే, ఆపిన అక్షరం దగ్గరే మొదలుపెట్టేది. ఏడాది చివరికొచ్చేసరికి పేరా చదువుతోంది. అందరికంటే ఆలస్యంగా చదువుతుంది, కానీ చదివింది అర్థం చేసుకుని చదువుతుంది. అది చూసినప్పుడల్లా టీచరుకి కడుపు నిండినట్టుండేది.

ఇక పరీక్ష సంగతి. అన్ని బడుల్లోనూ నాలుగో తరగతికి ఒకే రోజు, ఒకే ప్రశ్నపత్రం. కట్టలు సీలు వేసి పైనుంచి వస్తాయి, వేరే బడి టీచర్లు వచ్చి కాపలా ఉంటారు. మార్కులన్నీ కలిపి బడికొక అంకె ఇస్తారు. ఒక గీత గీసి, వరసగా రెండేళ్ళు ఆ గీత కింద పడ్డ బడిని మూసి పక్క బడిలో కలిపేస్తారు. కిందటేడు ఈ బడి గీత కింద పడింది. ఆ పక్క బడి ఎక్కడుందంటే పెద్దరోడ్డు అవతల. లారీలు ఊపిరాడకుండా పోయే రోడ్డది, పెద్దవాళ్ళు దాటడానికే గుండెలు చేత్తో పట్టుకోవాలి. ఈసారి తప్పితే ఈ సందుల్లోని పిల్లలంతా రోజూ ఆ రోడ్డు దాటాలి, లేదా చదువు మానాలి.

ఈ పరీక్షని తిట్టిపోయడం చక్రాల టీచరుకి తేలికయ్యేదే, తమ్ముడు లేకపోతే. ఆవిడ తమ్ముడు ఆ పరీక్షల విభాగంలోనే అధికారి. వాడూ ఆవిడా చిన్నప్పుడు చదివిన బడిలో ఒక మాస్టారు పేపరు మొదటి అక్షరం నుంచి ప్రకటనల దాకా చదివి, మడతపెట్టి, ఇంటికెళ్ళిపోయేవాడు. తమ్ముడికి ఆరో తరగతి దాకా చదవడం రాలేదు. ఎవరికీ తెలియలేదు. పై తరగతికి పంపుతూనే ఉన్నారు. అక్క కనిపెట్టి, చెవి మెలేసి, వంటింటి గట్టు మీద కూర్చోబెట్టి నేర్పింది.

"నాకు నువ్వున్నావ్ కాబట్టి సరిపోయింది" అనేవాడు వాడు. "అక్క లేనోళ్ళ సంగతేంటి? పరీక్షంటూ ఉంటే అక్కడే దొరికిపోయేవాడు ఆ మాస్టారు. మేం పెట్టేది అక్క లేనోళ్ళ కోసమే."

"పరీక్ష పెట్టొద్దని ఎవరన్నార్రా? జ్వరముందేమో చూడ్డానికి థర్మామీటర్ పెడతారు. బాగానే ఉంది. జ్వరముందని తేలితే మందిస్తారు గానీ మంచం ఎత్తుకుపోతారా?"

"మంచం సంగతి నాకు తెలీదక్కా. నేను థర్మామీటర్ వరకే."

ఆ వాదన ఎన్నిసార్లు జరిగినా ఆవిడ ఓడేది కాదు, గెలిచేదీ కాదు. వాడు చెప్పేది నిజమే. ఆవిడ చెప్పేదీ నిజమే. రెండు నిజాలు ఒకే ఇంట్లో తోడికోడళ్ళలా ఉంటే ఆ ఇంటికి నిద్రెక్కడిది?

పరీక్షకి ముందురోజు హెడ్మాస్టరు ఆవిణ్ణి గదిలోకి పిలిచాడు. చెడ్డవాడేం కాదు. ఆ ఏడంతా సెలవుల్లో కూడా వచ్చి, తనే నిచ్చెనెక్కి గోడలకి రంగులు వేసిన మనిషి. ఇప్పుడు బల్ల మీద పేపర్‌వెయిటు తిప్పుతూ కూర్చున్నాడు. ఆవిడ మామూలుగానే నిలబడింది, కిటికీకీ బీరువాకీ మధ్య తిరుగుతోంది.

"మనకి తక్కువ పడేది కొద్దిగానే టీచర్" అన్నాడు. "ఇద్దరు పిల్లల వల్ల. మీ నిదానం ఒకటి, ఎప్పుడూ గోలీలాడే ఆ గోలీగాడు ఒకడు. పరీక్షకి రానివాళ్ళ మార్కులు కలపరు. ఒక్కరోజు జ్వరమొచ్చిందనుకోండి..."

ఆవిడ నడక ఆగింది.

"నన్నలా చూడకండి. అన్ని బడుల్లో జరిగేదే. గోలీగాడి నాన్నతో నేను మాట్లాడాను. ఆ పిల్ల వాళ్ళమ్మ మాత్రం మీ మాటైతేనే వింటుంది."

"ఏడాదంతా ఇల్లిల్లూ తిరిగి రమ్మని చెప్పాను సార్. ఇప్పుడు రావొద్దని నేనే చెప్పాలా?"

"బడి పోతే ముందు మానేసేది ఆ పిల్లే. పొద్దున్నే పనికెళ్ళే తల్లి. రోడ్డెవరు దాటిస్తారు దాన్ని? ఒక్కరోజు ఇంట్లో ఉంటే ఏళ్ళ తరబడి చదువుకుంటుంది. నేను దాని మంచికే అంటున్నాను, మీరే ఆలోచించండి."

ఆవిడ ఆలోచించింది. అక్కడే వచ్చింది తంటా. ఎంత ఆలోచించినా ఆయన మాటలో తప్పు దొరకలేదు. తప్పు లేని మాట గొంతులో అడ్డం పడితే మింగలేం, కక్కలేం.

లాండ్రీలో ఆవిరి కమ్ముకుని ఉంది. తెల్ల దుప్పట్లు కొండలా పేర్చి ఉన్నాయి. నిదానం తల్లి ఇస్త్రీపెట్టె నిలబెట్టి, చెమట తుడుచుకుంటూ వచ్చింది.

"రేపు పిల్లని పంపకండమ్మా" అంది టీచరు. ఎక్కడ చూడాలో తెలియక దుప్పట్ల అంచులు చూసింది. "ఎవరైనా అడిగితే జ్వరమని చెప్పండి."

తల్లి ఎందుకని అడుగుతుందని జవాబు సిద్ధం చేసుకుంది. తల్లి అడగలేదు.

"అట్టాగేనమ్మా. మీరు చెప్తే దాని మంచికే చెప్తారు" అని మళ్ళీ ఇస్త్రీపెట్టె అందుకుంది.

అడిగి ఉంటే బాగుండేది. నాలుగు తిట్టినా బాగుండేది. టీచరు ఇంటికి దగ్గరదారి వదిలేసి చుట్టుదారి పట్టింది. ఆ దారీ అయిపోయాక ఇంకో వీధి తిరిగింది. తేలు కుట్టిన దొంగ కూడా ఎక్కడో ఒకచోట కూలబడతాడు, ఈవిడకి ఆ సుఖం కూడా లేదు. ఇల్లు చేరాక కాలుగాలిన పిల్లిలా వంటింట్లోంచి వరండాలోకీ, వరండాలోంచి వంటింట్లోకీ తిరిగింది. కూరలో ఉప్పు వేసిందో లేదో గుర్తులేక మళ్ళీ వేసింది. భర్త ఒక ముద్ద తిని, నీళ్ళు తాగి, "ఇవాళ నడక కూరలోకి కూడా వచ్చినట్టుందే" అన్నాడు. ఆవిడ నవ్వలేదు. అప్పుడు ఆయనా నవ్వు మానేశాడు.

తమ్ముడికి ఫోను చేసింది.

"పరీక్షకి రానివాళ్ళని లెక్కలోకి తీసుకోరటగా?"

"రానోళ్ళని ఎట్లా తీసుకుంటాం? ఎందుకడుగుతున్నావ్?"

"ఊరికే."

వాడు ఆరో తరగతి దాకా చదవలేకపోయినా అక్క గొంతు చదవడం మాత్రం పుట్టుకతోనే వచ్చినవాడు.

"అక్కా, మా దగ్గరికొచ్చే అంకెలు మీరు పంపేవే. మీరు అబద్ధం పంపితే మేం ఆ అబద్ధాన్నే కూడి, భాగించి, పటం కట్టిస్తాం. అప్పుడు నా పరీక్షకీ ఆ మాస్టారి పేపరుకీ తేడా ఏముంటుంది?"

"మరి నిజం పంపితే నా బడి మూస్తారు కదరా!" అని అరిచింది. ఎవరు ముందు పెట్టేశారో గానీ ఫోను ఆగిపోయింది.

పరీక్ష రోజు పొద్దున బడిని పెళ్ళివారింటిలా కడిగారు, ముగ్గురు నలుగురు టీచర్లు హడావిడిగా తిరుగుతున్నారు. పక్క బడి నుంచి కాపలాకి వచ్చిన మేడమ్ సీలు కట్ట బల్ల మీద పెట్టుకుని కూర్చుంది. హెడ్మాస్టరు వరండాలో నిలబడి వచ్చే పిల్లల్ని చూస్తున్నాడు.

గేటు దగ్గర గోల. లాయరమ్మ గోలీగాడి చొక్కా కాలరు పట్టుకుని లాక్కొస్తోంది. వాడి జత ఆ పిల్లే.

"వీడికి జ్వరమని వాళ్ళ నాన్న చెప్పాడు టీచర్. నేను చెయ్యిపెట్టి చూశా. నుదురు మామూలుగానే ఉంది. గోలీలాడుకుంటున్నాడు!"

హెడ్మాస్టరు ముఖంలో నెత్తుటి చుక్క లేదు. కాపలా మేడమ్ చూస్తుండగా పిల్లవాణ్ణి వెనక్కెలా పంపుతాడు? గోలీ వెళ్ళి తన చోట్లో కూర్చున్నాడు. లాయరమ్మ ఊపిరి తీసుకుంటూ గదంతా కలయజూసింది. పని పూర్తయిన మనిషిలా కూర్చోబోయి ఆగిపోయింది.

"టీచర్, మీ జత రాలేదు."

"జ్వరం" అంది చక్రాల టీచరు.

మిగతా పిల్లలు కూడా తలెత్తి చూశారు. ఆ చూపుల్లో ఎకసెక్కెం లేదు, నేరం మోపడం లేదు. ఆ గదిలో రోజూ అడిగే మాటనే లాయరమ్మ అడిగింది.

"చూసొచ్చారా టీచర్?"

ఎంతమంది పిల్లల్ని ఆ మాటతో వెనక్కి పంపిందో ఆవిడకే లెక్క తెలియదు. తన నోటిమాట తన ముందుకే వచ్చి నిలబడితే దారివ్వక తప్పదు. ఆవిడ హెడ్మాస్టరు వైపు చూసింది. ఆయన వద్దని తల కొద్దిగా అడ్డంగా ఊపాడు. కళ్ళతో బతిమాలాడు. రంగు వేసిన గోడలు చూసింది. పెద్దరోడ్డు మీద లారీ హారను వినపడింది.

"లేదు, చూడలేదు" అంది. "చూసొస్తాను."

ఆ సందులో ఆవిడ నడవలేదు, పరిగెత్తింది. చెప్పు తెగితే రెండోదీ విప్పి చేత్తో పట్టుకుంది. నీళ్ళ పంపు దగ్గరి ఆడవాళ్ళు బిందెలు పక్కకి లాగి దారిచ్చారు.

నిదానం గడప ముందు మెట్టు మీద కూర్చుని ఉంది. యూనిఫాం వేసుకుంది. జడలు తనే వేసుకున్నట్టుంది, ఒకటి పైకీ ఒకటి కిందికీ ఉన్నాయి. భుజాన సంచి, ఒళ్ళో చెక్కిన పెన్సిళ్ళు. టీచర్ని చూసి లేచి నిలబడింది, ఎప్పటిలాగే నెమ్మదిగా.

"ఎందుకింత లేటయ్యింది టీచర్?"

ఆవిడ చెప్పులు గడప పక్కన పడేసి దగ్గరికెళ్ళింది.

"అమ్మ నాకు జ్వరమని చెప్పి పనికెళ్ళింది. ఎట్లాగూ మీరొచ్చి చూస్తారు కదా అని కూర్చున్నా. చూడండి, లేదు" అని ముఖం పైకెత్తి నుదురు చూపించింది.

చక్రాల టీచరు ఆ నుదుటి మీద చెయ్యి పెట్టింది. చల్లగా ఉంది. చెయ్యి తియ్యలేకపోయింది. ఏడవకూడదనుకుంది, కానీ ఏడ్చింది.

"మీకేమైనా జ్వరమా టీచర్?" అని అడిగింది నిదానం.

"ఉండింది. తగ్గింది. పద."

కాపలా మేడమ్ చివరి కాగితం పంచుతుండగా ఇద్దరూ గదిలో అడుగుపెట్టారు. లాయరమ్మ తల ఊపి తన పేపరులోకి వంగింది. సొంత తరగతి టీచరు లోపల ఉండకూడదని రూలు కాబట్టి చక్రాల టీచరు వరండాలో తిరిగింది. కిటికీ పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా నిదానం వేలు కాగితం మీద కదలడం కనిపించేది. ఎంతసేపు తిరిగినా ఆ వేలు మొదటి పేజీ దాటలేదు. హెడ్మాస్టరు తన గదిలోంచి బయటికి రాలేదు.

గంట కొట్టాక మేడమ్ కాగితాలు లాక్కుంటూ వచ్చింది. నిదానం తన కాగితాన్ని సరిగ్గా మడిచి, రెండు చేతులతో ఇచ్చి ఏదో చెప్పింది. మేడమ్ నవ్వి, దాని బుగ్గ గిల్లి, కట్టలో పెట్టి సీలు వేసేసింది.

"ఏం చెప్పావ్?" అని అడిగింది టీచరు బయటికొచ్చాక.

"మిగతాది రేపు చేస్తానని చెప్పా. జాగ్రత్తగా పెట్టమన్నా."

చక్రాల టీచరు ఆ పిల్ల జడలు విప్పి, అక్కడే వరండాలో నిలబెట్టి, రెండూ సమంగా వేసింది.

ఫలితం వచ్చిన సాయంత్రం తమ్ముడే ఫోను చేశాడు. ఆవిడ వీధిలో నడుస్తూ ఎత్తింది. బడి గీత కిందే ఆగిపోయింది. కాస్త కిందికే, కానీ కిందే. కలిపేస్తూ ఉత్తర్వు రాబోతోంది. హెడ్మాస్టరు అప్పటికే ఆవిడతో మాటలు మానేసి చాలా రోజులైంది.

"నువ్వు చెప్పిన ఆ గోలీగాడు వచ్చి రాసినా దాటేవాళ్ళే" అన్నాడు తమ్ముడు. "ఆ ఒక్క పేపర్ లేకపోతే దాటేవాళ్ళక్కా."

"తెలుసు."

"మీ బడి కట్ట తీయించి నేనే చూశాను. ఆ పిల్ల రాసినవన్నీ కరెక్టే. ఒక్కటి కూడా తప్పు పోలేదు. కానీ మూడో ప్రశ్న తర్వాత అంతా ఖాళీ."

"అది ఖాళీ కాదురా" అంది ఆవిడ. "రేపటికని ఉంచింది."

ఫోనులో వాడి ఊపిరి వినపడుతోంది, చిన్నప్పుడు వంటింటి గట్టు మీద అక్షరం అందక ఆగిపోయినప్పుడు వినపడినట్టే. అప్పట్లో ఆవిడ తొందరపెట్టేది కాదు. ఇప్పుడూ పెట్టలేదు. ఫోను చెవి దగ్గరే ఉంచుకుని, పెద్దరోడ్డు దాకా నడిచి, పిల్లల్ని ఎక్కడ నిలబెట్టి దాటించాలో చూడసాగింది.